పచ్చ ఉంగరం రోజూ పెట్టుకోవచ్చా? రంగు రాళ్లపై మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో వజ్రం ఊసు దాదాపు లేదు. అన్నీ పచ్చలు, నీలాలు, కెంపులు, ఇంకా పలకడానికి నోరు తిరగని కొత్త రాళ్లు. నేను మొదట రాళ్లు పొదిగే బల్ల దగ్గర, ఆ తర్వాత రాళ్లు పరీక్షించే ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు పనిచేశాను. అందుకే ఏ రాయి గురించి అడిగినా, అందం కంటే ముందు అది ఎక్కడ విరుగుతుంది, దానికి ఎవరేం చేశారు అన్నదే నాకు తోస్తుంది. ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్, నాకు నిశ్చితార్థం కుదిరింది. ఉంగరంలో వజ్రం వద్దు, పచ్చ కావాలి. రోజూ వేలికే ఉంటుంది, తీసి పెట్టే అలవాటు నాకు లేదు. పచ్చ పగిలిపోతుందని మా అమ్మ భయపెడుతోంది. నిజమేనా?

జవాబు: మీ అమ్మగారి మాటలో సగం నిజముంది. మిగతా సగం ఉంగరం ఎలా చేయిస్తారన్న దాని మీద ఉంటుంది.

రాళ్ల గట్టిదనానికి మోహ్స్ అనే ఆయన 1812లో ఒక వరుస పెట్టాడు. అందులో వజ్రం 10, కెంపు, నీలం 9, పచ్చ ఏడున్నరకీ ఎనిమిదికీ మధ్య. మన చుట్టూ ఉండే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి, వాటిది 7. అంటే ఏడు కంటే తక్కువున్న రాయిని రోజూ గుడ్డతో తుడిచినా, కొన్నాళ్లకు పలకల అంచులు అరిగి మెరుపు చచ్చిపోతుంది. పచ్చకి ఆ భయం పెద్దగా లేదు.

కానీ గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. టోపాజ్ గట్టిదనం 8. అయినా ఒక దిశలో సరిగ్గా దెబ్బ తగిలిందా, శుభ్రంగా రెండుగా చీలిపోతుంది. జేడ్ ఆరుకీ ఏడుకీ మధ్య మాత్రమే, దాన్ని పగలగొట్టాలంటే మాత్రం సుత్తే అలిసిపోతుంది. పచ్చ సంగతికొస్తే, భూమిలో తయారయ్యేటప్పుడే దాని లోపల సన్నటి పగుళ్లు, చిన్న చిన్న నలుసులు పుడతాయి. పగుళ్లు బొత్తిగా లేని పచ్చ చాలా అరుదు. బల్ల మీద పచ్చ పెట్టి బంగారం కొక్కేన్ని దాని మీదికి వంచేటప్పుడు ఇప్పటికీ నేను ఊపిరి బిగబడతాను. నీలం విషయంలో అలా ఎప్పుడూ లేదు.

పచ్చకి చెవులూ మెడా మంచి చోట్లు, వేలు కష్టమైన చోటు. తలుపు గడియ, కుళాయి, బండి హ్యాండిల్, జిమ్‌లో ఇనుప కడ్డీ, అన్నిటికీ ముందు తగిలేది వేలే. అయినా మనసు పచ్చ మీదే ఉంటే మానుకోమని చెప్పను. ఉంగరం చేసేవారిని రెండు సంగతులు అడగండి. రాయి చుట్టూ బంగారం అంచు పూర్తిగా మూసేలా, అంటే బెజెల్ సెట్టింగ్‌లో పొదగమనండి. నాలుగు కొక్కేల మీద ఎత్తుగా నిలబెట్టవద్దని, రాయి వేలికి దగ్గరగా కూర్చోవాలని చెప్పండి. దీర్ఘచతురస్రంగా సాన పెట్టి మూలలు కోసేసిన పచ్చల్ని చూసే ఉంటారు. ఆ మూలలు కోసింది అందానికే కాదు, దెబ్బలు తగిలేది ముందు మూలలకే గనక.

తీసి పెట్టడం మీ వల్ల కాదన్నారు కాబట్టి ఇంకో దారి కూడా చెబుతాను. సావొరైట్ అని ఆకుపచ్చ గార్నెట్ ఒకటుంది. 1960ల చివర్లో టాంజానియాలోనూ, తర్వాత కెన్యాలోనూ దొరికింది. గట్టిదనంలో పచ్చ కంటే కాస్త తక్కువే. కానీ లోపల ఇన్ని పగుళ్లుండవు, పగుళ్లు కనిపించకుండా నూనె పట్టించే అవసరమూ ఉండదు. అయితే పెద్ద సైజుల్లో దొరకడం కష్టం. నీలం జాతి రాయి ఆకుపచ్చ రంగులో కూడా ఉంటుంది, గట్టిదనం 9. దాని రంగు పచ్చలా మెరవదు, కాస్త ఆలివ్ వైపో నీలి వైపో పోతుంది. చాలామందికి మొదట నచ్చదు. నాకు మాత్రం ఇష్టం.

ప్రశ్న: రంగు రాళ్ల మీద ఇప్పుడు ఇంత మోజు ఎందుకు? రెండేళ్లలో పోయే ఫ్యాషన్ కాదు కదా?

జవాబు: వెనక్కి తిరిగి చూస్తే, విచిత్రం రంగు రాళ్లది కాదు, వజ్రానిది. 1860ల చివర్లో దక్షిణాఫ్రికాలో వజ్రాలు దొరికే వరకూ అవి చాలా కొద్దిమందికే అందేవి, నగల్లో రంగు రాళ్లదే పెద్ద వాటా. నిశ్చితార్థం ఉంగరమంటే వజ్రమే అన్న ఆలోచనను బలంగా నాటిన వజ్రాల కంపెనీ డి బీర్స్ ప్రకటన, ‘వజ్రం శాశ్వతం’ అనేది, 1947 నాటిది. అంటే మనం పాతదనుకునేదే కొత్తది.

ఇప్పటి మోజుకి నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం ల్యాబ్‌లో పెంచిన వజ్రాలు. మచ్చలేని తెల్లటి పెద్ద వజ్రం ఇప్పుడు ఎవరికైనా అందుబాటులో ఉంది. ఎదురుగా కూర్చున్నావిడ వేలికి ఉన్న వజ్రం భూమిలోంచి వచ్చిందో యంత్రంలోంచి వచ్చిందో కంటితో చూసి నేను కూడా చెప్పలేను, ల్యాబ్ పరికరాలు కావాల్సిందే. అందుకే అందరిదీ ఒకేలా ఉండకూడదనుకునేవారు రంగు వైపు తిరిగారు. రెండు నీలాలు అచ్చం ఒకే రంగులో దొరకడం ఎంత కష్టమో జత కోసం వెతికినవారికి తెలుసు.

గనులూ సాయం చేశాయి. ఊదా నీలంలో మెరిసే టాంజానైట్ 1967లో టాంజానియాలోని మెరెలానీ కొండల్లో బయటపడింది. ఇప్పటికీ నగల్లోకి వచ్చే సరుకంతా ఆ ఒక్క చోటిదే. 1980ల చివర్లో బ్రెజిల్‌లోని పరైబా రాష్ట్రంలో నియాన్ దీపంలా మెరిసే, టూర్మలిన్ అనే నీలి రాయి దొరికింది, దానికా రంగు రాగి వల్ల. 2009లో మొజాంబిక్‌లోని మాంటెప్యూజ్ దగ్గర కెంపుల గనులు బయటపడ్డాయి. అప్పటిదాకా మంచి కెంపంటే బర్మాలోని మొగోక్ పేరే వినిపించేది. సరుకే లేకపోతే ఎంత మోజున్నా షాపు కిటికీలోకి రాదు కదా.

ఇంకొకటి, 1981లో బ్రిటిష్ రాజకుటుంబపు డయానా వేలికి ఎక్కిన సిలోన్ నీలం 2010లో మళ్లీ ఆమె కొడుకు చేసుకోబోయే కేట్ వేలి మీద కనిపించింది. ఆ ఫొటోలు చూశాక నీలంలో నిశ్చితార్థం ఉంగరం కావాలన్నవారు ఎంతమందో. రాజకుటుంబాల ఫ్యాషన్ల మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు గానీ, ముప్పై ఏళ్లయినా రాయి వన్నె తగ్గకపోవడం జనం కళ్లారా చూశారు. పోయే ఫ్యాషనా అంటే, ఏ రంగుకి మోజు అన్నది మారుతుంటుంది, రంగు మీద మోజు మాత్రం పోదు.

ప్రశ్న: నీలం ఉంగరం కొన్నాక సర్టిఫికెట్‌లో ‘వేడి చేసిన ఆనవాళ్లున్నాయి’ అని చూశాను. అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు. మోసపోయానా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: రాయి విషయంలో మోసపోలేదు. చెప్పకపోవడం మాత్రం తప్పే, ఆ మాట షాపు వారిని అడిగే హక్కు మీకుంది.

మార్కెట్‌లోకి వచ్చే నీలాల్లో, కెంపుల్లో ఎక్కువ భాగం కొలిమిలో వేడి చేసినవే. నీలానికి రంగునిచ్చేది దానిలో ఉన్న ఇనుము, టైటానియం. కొన్ని రాళ్లలో టైటానియం సన్నటి సూదుల్లా విడిగా పేరుకుని రాయిని మసకగా చేస్తుంది. వెయ్యి డిగ్రీలు దాటి, ఒక్కోసారి 1,700 దాకా వేడి చేస్తే ఆ సూదులు కరిగి రాయిలో కలిసిపోతాయి. మసక పోతుంది, నీలం చిక్కబడుతుంది. ఈ మార్పు శాశ్వతం. వాడినా, కడిగినా, ఎండలో పెట్టినా తిరిగి పాత రంగుకి పోదు. టాంజానైట్ కూడా అంతే, చాలావరకు గోధుమ రంగులో దొరికి వేడి చేశాకే నీలమవుతుంది. ఇలాంటి రాయిని నేను సంతోషంగా పెట్టుకుంటాను. వేడి చేయని నీలం అరుదు కాబట్టి దానికి గౌరవం ఎక్కువ, అంతే తేడా.

నూనె సంగతి వేరు. పచ్చల్లో పైదాకా వచ్చిన పగుళ్లలోకి రంగులేని నూనెనో రెసిన్‌నో ఎక్కిస్తారు, పగుళ్లు కనిపించకుండా. దేవదారు నూనె పేరు మీరు వినే ఉంటారు. ఇది తరతరాలుగా ఉన్న పద్ధతే, వ్యాపారంలో అందరూ ఒప్పుకున్నదే. కానీ శాశ్వతం కాదు. నూనె ఆరిపోతుంది, వేడికీ సబ్బుకీ బయటికొస్తుంది, అప్పుడు మళ్లీ పట్టించాలి. అందుకే పచ్చ రిపోర్టులో ‘కొద్దిగా’, ‘మధ్యస్తంగా’, ‘ఎక్కువగా’ అనే మాటల్లో ఏది రాశారో చూడాలి. ఎక్కువ అని ఉంటే, మీరు కొంటున్న అందంలో చాలా భాగం నూనెదన్నమాట. ఆకుపచ్చ రంగు కలిపిన నూనె అయితే దాన్ని పద్ధతి అనకూడదు, మోసం అనాలి.

నన్ను నిజంగా భయపెట్టేది సీసం గాజు నింపిన కెంపు. 2004 ప్రాంతం నుంచి ఇవి విపరీతంగా వచ్చాయి. పగుళ్లతో నిండి ఎందుకూ పనికిరాని కురువిందం (కెంపు, నీలం రెండిటి అసలు ఖనిజం) ముక్కలోకి సీసం గాజు కరిగించి నింపుతారు. చూడడానికి ఎర్రగా, పెద్దగా, నిగనిగలాడుతూ ఉంటుంది. మైక్రోస్కోప్ కింద పెడితే లోపల గాలి బుడగలు, రాయి తిప్పినప్పుడు పగుళ్ల వెంబడి నీలి తళుకు కనిపిస్తాయి. ఉంగరం సైజు మార్చడానికి కంసాలి మంట పెట్టాడా, గాజు ఉబ్బి రాయి పాడైపోతుంది. నిమ్మరసం తగిలినా గాజు తినేస్తుంది. దాన్ని కెంపు అని అమ్మకూడదు, కెంపు, గాజు కలిపిన సరుకని చెప్పే అమ్మాలి.

2001–02 ప్రాంతంలో బెరిలియం అనే మూలకం కలిపి వేడి చేసిన, నారింజ, పసుపు రంగుల్లో ఉండే నీలం జాతి రాళ్లు కూడా వచ్చాయి. మొదట్లో ల్యాబ్‌లన్నీ తలలు పట్టుకున్నాయి. మామూలు మైక్రోస్కోప్‌తో తేలేది కాదు, ఖరీదైన రసాయన పరీక్షలు కావాల్సి వచ్చింది. కాబట్టి పెద్ద రాయి, గాఢమైన రంగు ఉన్న నారింజ నీలం కొనేటప్పుడు బెరిలియం పరీక్ష చేశారా అని ల్యాబ్‌ని అడగండి.

మీ ఉంగరం సంగతి ఇంతే: వేడి మాత్రమే రాసుంటే నిశ్చింతగా పెట్టుకోండి. షాపులో అడిగి బిల్లు మీద కూడా ఆ మాట రాయించుకోండి.

ప్రశ్న: మా అమ్మమ్మ కెంపు ఉంగరం ల్యాబ్‌లో చూపిస్తే ‘స్పినెల్’ అన్నారు. ఇంట్లో అందరి మొహాలూ వాడిపోయాయి. నకిలీయేనా?

జవాబు: సహజ స్పినెల్ అని రాసి ఉంటే మొహాలు వాడాల్సిన పనిలేదు. బ్రిటిష్ కిరీటం ముందు భాగంలో కోడిగుడ్డంత ఎర్రటి రాయి ఒకటుంది, బ్లాక్ ప్రిన్స్ రూబీ అంటారు. అది స్పినెల్. జహంగీర్, షాజహాన్ల పేర్లు చెక్కి ఉన్న తైమూర్ రూబీ కూడా స్పినెలే. పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా కెంపునీ స్పినెల్‌నీ విడదీసి చెప్పడం ఎవరికీ చేతకాలేదు. ఒకే నేలలో పక్కపక్కనే దొరుకుతాయి, రెండిటికీ ఎరుపునిచ్చేది క్రోమియమే. స్పినెల్ గట్టిదనం 8, చీలే దిశ కూడా లేదు, ఉంగరానికి భేషైన రాయి. పైగా చాలావరకు ఏ చికిత్సా లేకుండానే నగల్లోకి వస్తుంది. 2016లో దీన్ని ఆగస్టు నెల జన్మరాళ్ల జాబితాలో కూడా చేర్చారు. నాకు రంగు రాళ్లలో ఒక్కటే ఎంచుకోమంటే ఎర్ర స్పినెల్ అంటాను, ఇది ఎప్పటి నుంచో ఉన్న మాటే.

అయితే ఒక్క సంగతి చూసుకోండి. స్పినెల్‌ని యంత్రంలో చేయడం కూడా పాత విద్యే. రిపోర్టులో ‘సహజ’ అన్న మాట లేకపోతే మళ్లీ అడగండి.

ప్రశ్న: ల్యాబ్‌లో చేసిన కెంపు పెట్టుకోవచ్చా? దాన్ని గాజు అనాలా?

జవాబు: గాజు కాదు. అదే రసాయనం, అదే గట్టిదనం, అదే రంగు. కొత్తదీ కాదు. వెర్న్యూయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మంటలో పొడి కరిగించి కెంపులు చేసే పద్ధతిని 1902లోనే ప్రకటించాడు. అమ్మమ్మల నాటి నగల్లోనూ ఇవి బోలెడుంటాయి. చేసినదని చెప్పి అమ్మితే హాయిగా కొనండి. గనిలో దొరికినదని చెప్పి అమ్మితే కేసు పెట్టండి.

ప్రశ్న: షాపులో రాయల్ బ్లూగా కనిపించిన నీలం ఇంటికొచ్చాక నల్లగా ఉంది. మార్చేశారంటారా?

జవాబు: మార్చి ఉండరు. షాపు దీపాలు ఎక్కడ, ఎంత ఎత్తులో పెట్టాలో వాళ్లకి బాగా తెలుసు. తెల్లటి గట్టి వెలుగు పైనుంచి పడితే ముదురు నీలం కూడా లోపలినుంచి వెలుగుతుంది. ఇంట్లో పసుపు దీపం కింద అదే నీలం నల్లబడుతుంది. కెంపులు దీనికి తలకిందులు, పసుపు వెలుగులో ఇంకా బాగా కనిపిస్తాయి. కొన్ని రాళ్లయితే రంగే మార్చేస్తాయి. 1830లలో రష్యాలోని ఉరల్ కొండల్లో దొరికిన అలెగ్జాండ్రైట్ పగలు ఆకుపచ్చ, దీపం దగ్గర ఎరుపు.

కొనేముందు రాయిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి, ఎండలోకి కాదు, నీడ వెలుగులోకి. చేతిని చాచి దూరంగా పెట్టి చూడండి, ఎదురుగా కూర్చున్నవారికి అలాగే కనిపిస్తుంది. పొదగని రాయి అయితే అచ్చు కాగితం మీద పెట్టి పైనుంచి చూడండి. రాయి మధ్యలోంచి అక్షరాలు చదవగలిగితే సాన సరిగా లేదని, వెలుగు తిరిగి కంటికి రాకుండా కిందికి జారిపోతోందని అర్థం. బరువు తగ్గకూడదని లోతు తక్కువగా కోసిన రాళ్లలో ఇది మామూలే. వజ్రానికి ఉన్నట్టు రంగు రాళ్లకి అందరూ ఒప్పుకున్న గ్రేడ్లు లేవు. ‘రాయల్ బ్లూ’, ‘పావురం రక్తం’ లాంటి పేర్లని ఒక్కో ల్యాబ్ ఒక్కో కొలతతో ఇస్తుంది. పేరు కొనకండి, మీ కళ్లకి కనిపించిన రంగు కొనండి.

ప్రశ్న: ఒక క్యారెట్ నీలం, ఒక క్యారెట్ పచ్చ పక్కపక్కన పెడితే పచ్చ పెద్దగా ఉంది. తూకంలో తేడానా?

జవాబు: లేదు. క్యారెట్ అంటే బరువు, 0.2 గ్రాములు. నీలం సాంద్రత 4, పచ్చది 2.7. తేలికైన రాయి అదే బరువుకి పెద్దగా కనిపిస్తుంది. రంగు రాళ్లు కొనేటప్పుడు మిల్లీమీటర్లు అడగండి.

ప్రశ్న: రెండు వేర్వేరు రాళ్లు పక్కపక్కన ఉండే ‘నువ్వూ నేనూ’ ఉంగరం చేయించుకోవాలని ఉంది. పచ్చ, వజ్రం ఎలా ఉంటాయి?

జవాబు: చూడడానికి ముచ్చటే. నెపోలియన్ 1796లో జోసెఫిన్‌కి ఇచ్చిన ఉంగరం ఇలాంటిదే, ఒక నీలం, ఒక వజ్రం. ఆ జంటే ఎంచుకోమంటాను నేను. వజ్రం దేన్నైనా గీస్తుంది, పక్కన పచ్చ ఉంటే గీతలు పడేది పచ్చ మీదే. నీలమైతే కాస్త తట్టుకుంటుంది. ఏ జంటైనా రెండు రాళ్లూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో బంగారం ఉండాలి. రాళ్ల మధ్య వెంట్రుకవాసి ఖాళీ చాలదు, కొక్కేలు కాలక్రమేణా కదులుతాయి.

ప్రశ్న: ఓపల్, ముత్యం, పచ్చ మూడూ ఉన్న సెట్‌ని అల్ట్రాసోనిక్ మెషీన్‌లో శుభ్రం చేయించవచ్చా?

జవాబు: మూడిటిలో ఒక్కటి కూడా వద్దు. ఆ మెషీన్ శబ్ద తరంగాలతో నీళ్లని కదిలించి మురికి వదిలిస్తుంది, ఆ కుదుపుకి పచ్చలో నూనె బయటికొస్తుంది. ఓపల్ లోపల నీరుంటుంది, వేడికి ఆరితే సన్నటి చీలికలు పడతాయి. ముత్యం రాయే కాదు, గట్టిదనం రెండున్నర మాత్రమే, సెంటూ చెమటా కూడా దాన్ని తినేస్తాయి. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి పిండి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దండి. ముత్యాలు అన్ని అలంకారాలూ అయ్యాక చివర్లో వేసుకోండి, ఇంటికి రాగానే ముందు తీయండి. టాంజానైట్‌కీ ఆ మెషీన్ పనికిరాదు. నీలాలు, కెంపులు, గాజు నింపనివైతే, తట్టుకుంటాయి.

ప్రశ్న: నీలం చెవిదిద్దుల్లో ఒకటి పోయింది. జత దొరుకుతుందా?

జవాబు: దొరకొచ్చు, తొందరపడితే మాత్రం దొరకదు. ఉన్న దిద్దుని వెంట తీసుకెళ్లండి. ఫొటోలో నీలం రంగు ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది. కొత్త రాయి పొడవు, వెడల్పులు ముందు సరిపోవాలి. ఆ తర్వాత రెండిటినీ పక్కపక్కన పెట్టి కిటికీ వెలుగులో ఒకసారి, దీపం కింద ఒకసారి చూడండి. పగలు కలిసి రాత్రి విడిపోయే జతలు చాలా ఉంటాయి. చెవులు రెండూ ముఖానికి అటూ ఇటూ ఉంటాయి కాబట్టి చిన్న తేడా ఎవరి కంటా పడదు, మరీ అచ్చు గుద్దినట్టు కోసం ఏళ్లు వెతకనక్కర్లేదు. కుదరకపోతే మిగిలినదాన్ని లాకెట్ చేయించుకోండి. పోయిన రాయి కొలతలు పాత బిల్లులోనో రిపోర్టులోనో ఉంటే ఆ కాగితం కూడా తీసుకెళ్లండి, వెతికేవారికి సగం పని తగ్గుతుంది.